గొంతేరుకి అవతల

రాత్రంతా ఏరియేటర్ల హోరు.
నీళ్ళని చిలికి చిలికి
రొయ్యలకి ఊపిరి పోస్తుంటాయి.
ఆ చప్పుడులో
మనిషికి మనిషి వినపడడు.

కరెంటు పోతేనే మాకు మాట.

పోగానే జనరేటర్ తిప్పాలి.
హ్యాండిలు వెతుక్కుని, డీజిలు చూసుకుని,
బిగిసిన చక్రం ఒక పట్టాన కదలక
అంతా కలిపి రెండు నిమిషాలు, పోనీ మూడు.
ఆ కాసింత నిశ్శబ్దంలో
అవతలి గట్టు మీంచి ఒక గొంతు లేచేది:
"ఓయ్, ఏటి కూర?"

"కందబచ్చలి. నీదో?"
"ఎండు నెత్తళ్ళు."
అంతే. అతని ఇంజనో నాదో
డుగ్గుడుగ్గుమంటూ అందుకునేది.
మాట అక్కడికి తెగిపోయేది
మళ్ళీ కరెంటు పోయేదాకా.

ఈ మురుగుకాలవకి గొంతేరని
ఎవరు పెట్టారో పేరు.
మా ఇద్దరి మధ్యా పారింది గొంతులే.

ముక్కలు ముక్కలుగా తెలిశాడు.
ఊరు పాలకొండ దగ్గరని ఒక రాత్రి,
పేరు తవుడని మరో రాత్రి.
"చేపల చెరువు మీద ఉండుంటే
మేతనుకుని వేసేద్దురు!" అని నవ్వాను.
జవాబొచ్చేలోగా ఇంజను అందుకుంది.
తర్వాత మూడు రోజులు కరెంటు పోలేదు.
పోనందుకు తిట్టుకున్న కాపలావాణ్ణి
జిల్లా మొత్తానికి నేనొక్కణ్ణే.

నాలుగో రాత్రి చెప్పాడు:
"నా ముందర ఇద్దరు పోనారు.
మాయమ్మ నన్ను పొరుగామెకి ఇచ్చీసి
సేటెడు తవుడు పోసి మళ్ళా కొనుక్కుంది.
అలగ బతికీసినాను."
నవ్వినందుకు ఏదో ఒకటి అనాలనుకున్నాను.
ఆ రాత్రి నా ఇంజనే ముందు అందుకుంది.

నేనూ చెప్పాను, అతను అడక్కుండానే:
ఈ చెరువు అడుగున ఉన్నది మా చేనేనని,
ఎకరంన్నర, స్వర్ణ పండేదని,
లీజుకిచ్చి దానికే కాపలా ఉన్నానని.
"అయితే నీ సేలోనే తొంగున్నావు గదా" అన్నాడు.
అలా ఎవరూ చెప్పలేదు నాకు
అంతకు ముందు.

నిజానికి ఒకళ్ళ కూర ఒకళ్ళకెందుకు?
ఉప్పు ఎక్కువైందంటే
కాలవ దాటొచ్చి తీసేస్తారా?

ఆశ్లేష కార్తె. విడవని ముసురు.
పదకొండింటికి కరెంటు పోయింది.
అవతల గొంతు లేవలేదు.
నేనే పిలిచాను, "తవుడూ, ఏం కూర?"
కప్పలు.
"ఏం కూరోయ్?"
"వండనేదు."

రెండేళ్ళలో ఆ జవాబు అదే మొదలు.

హ్యాండిలు చేతిలో ఉంది.
తిప్పితే ఆ మాట హోరులో మునిగిపోతుంది.
తిప్పకపోతే
నలభై కౌంటుకొచ్చిన సరుకు,
ఓనరు గారి లక్షలు.
టార్చి వేస్తే అప్పటికే అంచు పొడుగునా
ఎర్రెర్రగా రొయ్యల కళ్ళు.
ఒక్క నిమిషం, అన్నాను
వాటితోనో, ఎవరితోనో.

"ఏం తవుడూ?"

వాన చప్పుడు.
తర్వాతెప్పటికో,
"బియ్యం ఉన్నాయి. పొయ్యి ఉంది.
ఒక్కడికీ ఏటిలే అని."

తిప్పాను. అవతల అతనూ తిప్పాడు.
గిన్నెలో అన్నం పెట్టి
మీద ములక్కాడ పులుసు పోసి
మూతకి తువ్వాలు బిగించి
అరమైలు నడిచి వంతెన దాటాను.
రెండేళ్ళూ అక్కడే ఉంది ఆ వంతెన.

టార్చి వెలుగులో చూస్తే
గొంతుని బట్టి నేను కట్టుకున్న మనిషి
ఇంతకన్నా పొడుగు.
అతనూ నన్ను చూసి
లోపల ఏదో సరిచేసుకున్నట్టున్నాడు.

పలకరించుకోడానికి వీల్లేని హోరు.
తిన్నాడు. పక్కన కూచున్నాను.
ఎందుకు వండలేదో
అప్పుడూ అడగలేదు, తర్వాతా అడగలేదు.

గిన్నె కడిగి చేతికిస్తూ
నా చెవి దాకా వంగి
గట్టిగా అరిచాడు:
"ఉప్పు తక్కువయ్యింది!"